నెబ్యులైజర్ మందు ఎక్కడ పోతోంది?

హోస్ట్: నమస్కారం. ఇంట్లో నెబ్యులైజర్ ఉన్నవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. ఊపిరితిత్తుల డాక్టర్ గారు మనతో ఉన్నారు. మేడమ్, చాలామంది దీన్ని 'ఆవిరి పట్టడం' అనేస్తారు. రెండూ ఒకటేనా?

డాక్టర్: కాదండీ. ఆవిరి అంటే వేడినీళ్ల ఆవిరి, అందులో మందు ఉండదు. నెబ్యులైజర్ నుంచి వచ్చేది చల్లటి తుంపర. మందుని మరిగించకుండానే సన్నటి చుక్కలుగా చెదరగొడుతుంది. మిషన్ నడుస్తున్నప్పుడు మందు పోసిన కప్పు పట్టుకుని చూడండి, చల్లగా తగులుతుంది.

హోస్ట్: ఆ కప్పులో జరిగేదేంటి?

డాక్టర్: కంప్రెసర్ గాలి ట్యూబ్‌లోంచి వచ్చి, కప్పు అడుగున సూది బెజ్జమంత రంధ్రంలోంచి దూసుకొస్తుంది. అంత వేగంగా గాలి పోయేచోట ఒత్తిడి పడిపోతుంది. దాంతో మందు పైకి లేచి, గాలి దెబ్బకి చుక్కలు చుక్కలుగా చెదురుతుంది. ఎదురుగా ఒక చిన్న అడ్డు ఉంటుంది. పెద్ద చుక్కలు దానికి కొట్టుకుని కప్పులోనే పడిపోతాయి, మళ్లీ పైకి లేస్తాయి. సన్నవి మాత్రమే బయటికొస్తాయి. కొన్ని మోడళ్లలో ఆ లోపలి ప్లాస్టిక్ ముక్క ఊడి వస్తుంది. కడిగేటప్పుడు అది సింకులో జారిపోతే ఇక పొగ, అంటే ఆ తుంపర, రాదు. జనం మిషన్ పాడైందనుకుంటారు.

హోస్ట్: సన్నవి అంటే ఎంత?

డాక్టర్: 1 నుంచి 5 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. అంతకంటే పెద్దవి గొంతు వెనకాల అంటుకుంటాయి, వాటిని మింగేస్తాం. మరీ సన్నవైతే చాలావరకు వదిలే ఊపిరితో బయటికొచ్చేస్తాయి. ఇలా గాలితో చెదరగొట్టే మామూలు జెట్ నెబ్యులైజర్‌లో పోసిన మందులో ఊపిరితిత్తులకి చేరేది సుమారు పదో వంతు. డోసు పెట్టినప్పుడే ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకున్నారు. మన చేతులారా ఆ పదో వంతు కూడా పోగొట్టుకుంటున్నాం, నా బాధంతా అదే.

హోస్ట్: ఎక్కడ పోతోంది మేడమ్?

డాక్టర్: మాస్కు దగ్గరే. బాబు ఏడుస్తున్నాడని మాస్కుని ముఖానికి కాస్త దూరంగా పట్టుకుంటారు. పొగ ముఖం మీదకి వెళ్తోంది కదా, చాలనుకుంటారు. ఒక్క సెంటీమీటరు జరిపినా అందే మందు సుమారు సగానికి పడిపోతుంది. రెండు సెంటీమీటర్లయితే మిగిలేది చాలా కొంచెం. ఏడిపిస్తూ పెట్టినా లాభం లేదు. ఏడుపులో ఊపిరి ఒక్కసారిగా ఎగబీలుస్తారు, చుక్కలు గొంతులోనే ఆగిపోతాయి. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, ఏదైనా చూపిస్తూ, బుగ్గలకి ఆనేలా మాస్కు పెట్టండి. మాట వినే వయసు వచ్చాక మాస్కు మానేసి, నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్‌కి మారండి, ముక్కులో పోయే మందు మిగులుతుంది. మామూలుగా ఊపిరి తీస్తే చాలు, మధ్యమధ్యలో ఒకటి నెమ్మదిగా, లోతుగా. గబగబా తీస్తే తల తిరుగుతుంది.

హోస్ట్: రెస్ప్యూల్‌లో, అంటే ఒక డోసు మందుండే చిన్న ప్లాస్టిక్ బుడ్డిలోని మందులో, సెలైన్ కలపమంటారు. ఎందుకు?

డాక్టర్: కప్పు గోడలకీ అడుగుకీ అంటుకుని సుమారు 1 మి.లీ. ఎప్పుడూ మిగిలిపోతుంది. 2.5 మి.లీ.లో 2.5 మి.గ్రా. సాల్‌బుటమాల్, అంటే శ్వాసనాళాలు తెరిచే మందు, ఉందనుకోండి. అలాగే పోస్తే 1 మి.గ్రా. అందులోనే ఉండిపోతుంది. సెలైన్‌తో 4 మి.లీ. చేస్తే మిగిలిన 1 మి.లీ.లో ఉండేది 0.6 మి.గ్రా. పైచిలుకే. అయితే సమయం కాస్త ఎక్కువ పడుతుంది. కలపాలా వద్దా అన్నది మీ మందునీ మిషన్‌నీ బట్టి డాక్టర్ చెప్పాలి. కలిపేది మాత్రం స్టెరైల్ నార్మల్ సెలైనే. మంచినీళ్లు కలిపితే శ్వాసనాళాలు బిగుసుకుపోవచ్చు.

హోస్ట్: ఎప్పుడు ఆపాలి?

డాక్టర్: మామూలుగా 5 నుంచి 10 నిమిషాల్లో అయిపోతుంది. కప్పు చిటపటలాడటం మొదలైతే వేలితో తట్టండి, గోడలకున్న చుక్కలు కిందికి దిగుతాయి. తట్టినా పొగ రాకపోతే ఆపేయండి. కప్పుని మాత్రం నిటారుగా పట్టుకోండి, పడుకోబెట్టినట్టు వంచితే మందు పైకి లేవదు.

హోస్ట్: సైలెంట్‌గా నడిచే చిన్న మెష్ మిషన్లు వస్తున్నాయి కదా?

డాక్టర్: మంచివే, మందుని సన్నటి జల్లెడలోంచి తోసి తుంపర చేస్తాయి, కప్పులో మిగిలేది తక్కువ. కానీ బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ పూర్తిగా కరిగిన మందు కాదు, సన్నటి పొడి నీళ్లలో తేలుతుంటుంది. సరిగ్గా కడగకపోతే జల్లెడ రంధ్రాలు పూడుకుపోతాయి. శబ్ద తరంగాలతో తుంపర చేసే అల్ట్రాసోనిక్ రకంలో అయితే బుడెసొనైడ్ అసలు వాడకూడదు. ఇంకోటి, బుడెసొనైడ్ పెట్టిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో ఫంగస్ తెల్లగా పూయొచ్చు. మాస్కుతో పెడితే ముఖం కూడా కడగాలి. శ్వాసనాళాలు తెరిచే ఇంకో మందు ఇప్రాట్రోపియం అయితే పొగ కళ్లలోకి పోకుండా చూసుకోండి, గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లకి ప్రమాదం.

హోస్ట్: శుభ్రం చేయడం?

డాక్టర్: ప్రతిసారీ కప్పు, మాస్కు విడదీసి సబ్బునీళ్లతో కడిగి, కాచి చల్లార్చిన నీళ్లతో జాడించి, గాలికి ఆరనివ్వండి. చీరకొంగుతో తుడవొద్దు. తడి ఉంటే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి, తర్వాతిసారి అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతాయి. ట్యూబ్ కడగక్కర్లేదు. లోపల తేమ కనిపిస్తే కప్పు తీసేసి మిషన్‌ని రెండు నిమిషాలు ఉత్తినే నడపండి. ఫిల్టర్ బూడిద రంగుకి తిరిగితే మార్చేయండి.

హోస్ట్: ఇంట్లో పెట్టినా తగ్గకపోతే?

డాక్టర్: సాల్‌బుటమాల్‌కి కాస్త చెయ్యి వణకడం, గుండె దడ మామూలే. కానీ డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతున్నా ఇంకో రెస్ప్యూల్ విప్పుతూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.