కోతల వేళ వరద: మొదటి నగరాలు సుమేరులోనే ఎందుకు పుట్టాయి?

(స్క్రీన్ మీద: ఇరాక్ మ్యాప్, టైగ్రిస్, యూఫ్రటిస్ నదులు)

నది పక్కన ఒండ్రు నేల ఉంది, నీళ్లున్నాయి, అందుకే నాగరికత పుట్టింది. ఆరో తరగతి నుంచి పరీక్షల్లో మనం రాస్తూ వచ్చిన జవాబు ఇదే కదా. తప్పని అనను, కానీ దక్షిణ ఇరాక్‌ని, అంటే పాత సుమేరుని, దగ్గర్నుంచి చూస్తే ఈ జవాబు సరిపోదు. అక్కడ ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్లు కూడా దాటదు, దాని మీద ఆధారపడి వ్యవసాయం చేయలేం. పోనీ నది ఉంది కదా అంటారా? ఆ నదికి వరద వచ్చే టైమ్ చూడండి.

టైగ్రిస్, యూఫ్రటిస్ రెండూ ఇప్పటి టర్కీ కొండల్లో పుడతాయి. అక్కడి మంచు కరిగి వరద కిందికి దిగేసరికి ఏప్రిల్, మే వచ్చేస్తాయి. సుమేరు రైతు బార్లీ విత్తేది అక్టోబరు, నవంబరుల్లో, కోసేది మళ్లీ ఏప్రిల్, మేల్లో. అంటే విత్తనానికి తడి కావాల్సినప్పుడు నది సన్నగా పారుతుంది, తీరా పంట చేతికొచ్చే వేళకి వరద మీద పడుతుంది. నైలు దగ్గర అలా కాదు. జులై నుంచి అక్టోబరు దాకా వరద పొలాలను ముంచి, కొత్త ఒండ్రు పరిచి, నేలలో ఉప్పుని కూడా కడిగి తీసుకుపోయేది, ఆ తడి ఆరకముందే ఈజిప్టు రైతు విత్తనం చల్లుకునేవాడు. సుమేరు రైతుకి ఆ అదృష్టం లేదు. అయినా మొదటి పెద్ద నగరాల్లో కొన్ని అతని నేల మీదే లేచాయి, అందుకే ఈ కథంటే నాకు అంత ఇష్టం.

(బొమ్మ: ఎత్తైన గట్ల మధ్య నది, కింద పల్లంలో పొలాలు)

యూఫ్రటిస్ తెచ్చే ఒండ్రు ఒడ్డునే పేరుకుని, పేరుకుని సహజంగానే గట్లు కట్టింది, నది చుట్టుపక్కల నేల కంటే ఎత్తున పారడం మొదలైంది. గట్టుకి చిన్న కోత పెడితే నీళ్లు పల్లానికి వాటంతటవే వస్తాయి, తోడే పని లేదు. కానీ వరదలో అక్కడే గండి పడితే కోతకొచ్చిన పొలాలన్నీ పోతాయి. పైగా కాలువలు ఒండ్రుతో పూడిపోతూనే ఉంటాయి, పూడిక తీయడం ఎప్పటికీ ఆగని పని. కాలువల కోసమే రాజ్యం పుట్టిందని చాలామంది సింపుల్‌గా చెప్పేస్తారు గానీ, తొలి కాలువలు రాజులు తవ్వించినవి కావు, ఊళ్లవాళ్లు కలిసి తవ్వుకున్న చిన్న చిన్నవి. ఎవరు తవ్వాలి, నీళ్ల వంతు ఎవరిది, ఎగువ వాళ్లు మొత్తం పెట్టేసుకుంటే దిగువ వాళ్లేం కావాలి? కృష్ణా డెల్టాలో ఆయకట్టు చివర పొలం ఉన్న రైతుని అడిగితే ఈ గొడవ ఎలాంటిదో మీకు ఐదు నిమిషాల్లో చెప్తాడు.

ఇలా కుదుర్చుకుంటూ బతికినచోట తిండి మిగిలింది. మిగిలినదాన్ని దాచాలి, పంచాలి, లెక్క రాయాలి.

(స్క్రీన్ మీద: ఉరుక్ శిథిలాలు, మట్టి పలకలు)

ఇక సుమేరులోని ఉరుక్ నగరం. క్రీ.పూ. 3000 ప్రాంతానికి అక్కడ పదుల వేల మంది ఉండేవాళ్లని అంచనా. తవ్వకాల్లో ఎక్కడ చూసినా ఒకే రకం మొరటు మట్టి గిన్నెలు, అచ్చులో నొక్కి చేసినవి, కుప్పలు కుప్పలుగా దొరికాయి. పనివాళ్లకి బార్లీ కూలి కొలిచి ఇచ్చిన గిన్నెలు ఇవేనని చాలామంది పండితుల అభిప్రాయం. అక్కడి తొలి లిపిలో తినడాన్ని సూచించే గుర్తు ఏంటో తెలుసా? ఒక తల, దాని పక్కన గిన్నె.

ఆ లిపిలో మొదట రాసుకున్నవి కథలో ప్రార్థనలో కావు. బార్లీ ఎంత, గొర్రెలెన్ని, బీరుకి ధాన్యం ఎంత, ఇవే. ఒక పలక మీద 37 నెలలకి 29,086 కొలతల బార్లీ లెక్క ఉంది, కింద కుషిమ్ అనే సంతకం లాంటి గుర్తు. అది మనిషి పేరో, ఉద్యోగం పేరో పండితులు ఇంకా తేల్చలేదు. మనిషి పేరే అయితే, మనకు తెలిసిన అతి పాత పేర్లలో ఒకటి రాజుది కాదు, బార్లీ లెక్కలు రాసుకున్న ఒక గుమస్తాది. నాకు ఇది చాలా పెద్ద విషయం.

మరో సంగతి, ఆ నేలలో మట్టి, రెల్లు తప్ప ఏమీ లేవు. రాయి లేదు, మంచి కలప లేదు, లోహం అసలే లేదు. రాగి ఒమాన్ వైపు నుంచి, నీలి రంగు లాపిస్ రాయి అఫ్గానిస్తాన్ నుంచి తెప్పించుకున్నారు. సింధు లోయ వాళ్లు చేసిన ఎర్రటి కార్నీలియన్ పూసలు ఉర్ నగరంలోని రాజ సమాధుల్లో బయటపడ్డాయి. వీటన్నిటికీ బదులుగా ఇచ్చినవాటిలో ముఖ్యమైనవి ఉన్ని బట్టలు, ధాన్యం.

నీళ్ల తగాదా మాత్రం తీరలేదు. లగాష్, ఉమ్మా అనే రెండు పక్కపక్క నగరాలు సరిహద్దులోని ఒక సారవంతమైన భూమి కోసం తరతరాలు కొట్టుకున్నాయి. క్రీ.పూ. 2450 ప్రాంతంలో లగాష్ రాజు ఎయన్నాతుమ్ గెలిచి పెట్టించిన రాతి పలక ముక్కలు ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. చచ్చిన శత్రువుల తలల్ని రాబందులు ఎత్తుకుపోతున్నట్టు దాని మీద చెక్కారు. ఆ తర్వాత కూడా ఉమ్మా వాళ్లు సరిహద్దు కాలువల నీళ్లు మళ్లించారని లగాష్ శాసనం ఒకటి మండిపడుతుంది.

అన్నిటికంటే నిదానంగా దెబ్బ కొట్టింది ఉప్పు. ఎండ మండే నేలకి ఏళ్ల తరబడి నీళ్లు పెట్టి, ఆ నీళ్లు బయటికి పోయే దారి చూపకపోతే భూగర్భ జలం పైకొస్తుంది, నీరు ఆవిరవుతుంది, ఉప్పు పైన మిగులుతుంది. మన రైతులు చౌడు అనేది దీన్నే. గోధుమ దీన్ని తట్టుకోలేదు, బార్లీ కొంత తట్టుకుంటుంది. దక్షిణాన గోధుమ తగ్గుతూ పోయి బార్లీయే మిగలడానికి ఉప్పే ముఖ్య కారణమని ఒక వాదన, ఎంతవరకన్నది ఇంకా చర్చలోనే ఉంది.

(స్క్రీన్ మీద: హమ్మురాబి శిల)

క్రీ.పూ. 18వ శతాబ్దానికి బలం ఉత్తరాన బాబిలోన్‌కి చేరింది. అక్కడ హమ్మురాబి రాయించిన చట్టంలో 53, 54 సెక్షన్లు చదవండి. బద్ధకించి తన గట్టు బాగుచేసుకోని రైతు వల్ల గండి పడి పక్కవాళ్ల పొలాలు మునిగితే, పోయిన ధాన్యం అతనే కట్టాలి. కట్టలేకపోతే అతన్నీ అతని ఆస్తినీ అమ్మేసి, వచ్చిన సొమ్ము నష్టపోయినవాళ్లు పంచుకోవాలి.