ఫోటోలు నాలుగు వందలు, జింకలు ఇరవై ఒకటి

[తెరపై: రాత్రివేళ తీసిన నలుపు తెలుపు ఫోటోలు ఏడు, ఒకదాని తర్వాత ఒకటి. ప్రతిదానిలో ఒక మగ జింక తల వంచి మొక్కజొన్న తింటోంది.]

ఈ ఏడు ఫోటోల్లో ఎన్ని జింకలున్నాయో చెప్పండి. తొందరపడకండి, ముందు కొమ్ములు చూడండి. కుడి కొమ్ముకు నాలుగు పాయలు. ఎడమ కొమ్ము మొదట్లో వేలెడంత ముల్లు ఒకటి వంకరగా పొడుచుకొచ్చింది. ఏడింటిలోనూ అదే ముల్లు. అంటే వచ్చింది ఒక్కటే జింక. తీరిగ్గా నిలబడి కడుపునిండా తిని వెళ్లింది.

నమస్కారం. అమెరికాలో, అందులోనూ టెక్సస్‌లో, వేట భూముల యజమానులు వైట్‌టెయిల్ అనే తెల్లతోక జింకలను ఎలా లెక్కపెడతారో ఈ వీడియోలో చూద్దాం. చెట్టుకు కట్టిన కెమెరా ఫోటోను నేరుగా ఫోనుకు పంపే రోజులివి. ఫోటో రావడం తేలికైంది. లెక్క మాత్రం ఇప్పటికీ మనమే చెయ్యాలి.

[దృశ్యం: పొద్దున్నే మంచులో ముళ్లపొదల మైదానం. కంచె, తాళం వేసిన ఇనుప గేటు.]

టెక్సస్‌లో భూమి పదింట తొమ్మిది వంతులకు పైగా ప్రైవేటు ఆస్తి. అక్కడి చట్టం ప్రకారం జింక రాష్ట్ర ప్రజలది, గేటు తాళం చెవి మాత్రం భూమి యజమానిది. వేటగాళ్లు సీజనుకు ఇంత అని ఇచ్చి భూమిని లీజుకు తీసుకుంటారు. వేట చట్టబద్ధమే అయినా ఎవరికి తోచినన్ని వాళ్లు కొట్టుకుపోవడానికి లేదు. రాష్ట్ర వన్యప్రాణి శాఖ నడిపే ఒక పథకంలో చేరిన యజమాని సర్వే లెక్కలు చూపిస్తే, ఆ భూమిలో మగవి ఎన్ని, ఆడవి ఎన్ని వేటాడవచ్చో తేల్చి అన్ని ట్యాగులు, అంటే జింకకు ఒకటి చొప్పున అనుమతి చీటీలు, ఇస్తారు. మరీ ఎక్కువైతే మేత చాలక మంద బక్కచిక్కుతుంది, మరీ తక్కువైతే లీజుకు గిరాకీ ఉండదు. అందుకే లెక్కకు అంత విలువ.

వెనకటి పద్ధతిలో కెమెరాను చెట్టుకు కట్టి, వారానికోసారి నడిచి వెళ్లి, మెమరీ కార్డు తీసి ఇంట్లో కంప్యూటర్‌లో చూసేవారు. అసలు చిక్కు ఆ నడకతోనే. మనిషి వాసన గంటల తరబడి గడ్డిని అంటిపెట్టుకుంటుంది. ముదురు మగ జింక ఒక్కసారి పసిగట్టిందంటే పగటిపూట ఆ దారి తొక్కదు. అంటే కార్డు కోసం వెళ్లిన మనిషే లెక్కను చెడగొట్టి వస్తున్నాడు. నెట్‌వర్క్ కెమెరా వల్ల అన్నిటికన్నా పెద్ద లాభం ఆ నడక తప్పడమే.

[దృశ్యం: కెమెరా ముందు భాగం దగ్గరగా. వేలితో ఒక్కొక్క భాగాన్నీ చూపిస్తూ.]

కెమెరా లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఇది అస్తమానం మేలుకుని ఉండదు, ఉంటే బ్యాటరీలు ఒక్క రోజు కూడా రావు. ఈ గుండ్రటి తెల్ల కిటికీ వెనక వేడిని కనిపెట్టే సెన్సర్ ఉంది. చుట్టూ ఉన్నదానికన్నా వెచ్చనిదేదైనా ఎదుటినుంచి కదిలిపోతే అది కెమెరాను నిద్ర లేపుతుంది. సెకనులో సగం కూడా పట్టదు. ఆగస్టు మధ్యాహ్నం గాలి వేడి జింక ఒంటి వేడికి దగ్గరపడితే మాత్రం సెన్సర్‌కు తేడా తెలియదు, జింక ఎదురుగా నడిచినా ఫోటో ఉండదు.

చీకట్లో వెలుగు కోసం ఇదిగో, ఈ చిన్న దీపాలు. వెలుగు తరంగం పొడవు 850 నానోమీటర్లు ఉన్నవైతే దూరం బాగా చూపిస్తాయి, కానీ వెలిగినప్పుడు ఎర్రటి నిప్పుకణికల్లా కనిపిస్తాయి. 940వి మన కంటికి కనిపించవు, వాటి వెలుగు అంత దూరం పోదు. కెమెరా కట్టే ఎత్తు దాదాపు మూడడుగులు, జింక ఛాతీకి సరిగ్గా. ముఖం ఉత్తరానికి, లేకపోతే ఉదయమో సాయంత్రమో సూర్యుడు కళ్లలో కొడతాడు. ఎదుట గడ్డి కోసెయ్యాలి. ఈ చివరి మాట మొదట్లో నేను చెవిన పెట్టలేదు. ఎండకు వేడెక్కిన ఒకే ఒక గడ్డిపోచ గాలికి ఊగుతూ మూడు వందల ఫోటోలు దిగింది. ప్రతిదానికీ నా ఫోను మోగింది!

[తెరపై: బొమ్మ. ఒక పక్క కెమెరా నుంచి సెల్ టవర్‌కు గీత. ఇంకో పక్క కెమెరా నుంచి కెమెరాకు గొలుసులా గీతలు.]

ఫోటో ఫోనుదాకా రావడానికి రెండు దారులు. మొదటిది సిమ్ ఉన్న కెమెరా. ప్రతి కెమెరాకూ విడిగా నెలనెలా చందా కట్టాలి, అక్కడ సిగ్నల్ ఉండాలి. 2022లో అమెరికా ఫోను కంపెనీలు 3జీని మూసేసినప్పుడు పాత కెమెరాలెన్నో చెట్లమీదే మూగబోయాయి.

రెండోది కెమెరాలే ఒకదానికొకటి చేతులు మార్చుకునే పద్ధతి. లోయలో ఉన్న కెమెరా తన ఫోటోను గట్టుమీది కెమెరాకు రేడియోలో అందిస్తుంది, అది ఇంకోదానికి. చివరికి అన్నీ ఒక పెద్ద కెమెరాకు చేరతాయి. సిమ్ దానికొక్కదానికే ఉంటే చాలు. అమెరికాలో ఇందుకు 900 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్సు అక్కరలేని తరంగాలున్నాయి. ఎకరాలు ఎక్కువై సిగ్నల్ తక్కువైన చోట నా ఓటు దీనికే. కాకపోతే గొలుసులో మధ్య కెమెరా ఒకటి పడుకుంటే, వేరే దారి దొరకనంతవరకు దాని వెనకున్నవన్నీ మూగవే.

ఏ దారిలో వచ్చినా మీ ఫోనులో కనిపించేది కుదించిన చిన్న బొమ్మ. పెద్ద ఫోటో కెమెరాలోని కార్డులోనే ఉండిపోతుంది, కావాలంటే అడిగి తెప్పించుకోవాలి. బ్యాటరీని ఎక్కువగా తినేది కూడా ఈ పంపే పనే.

[తెరపై: తెల్లకాగితం, పెన్సిలు.]

ఇక లెక్క. మన నల్లమలలో పులులను కెమెరాలతో లెక్కించడం మీరు వినే ఉంటారు. 2018 నాటి దేశవ్యాప్త పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే దాదాపు మూడున్నర కోట్ల ఫోటోలు వచ్చాయి. పులికి చారలే వేలిముద్రలు, ఏ రెండింటివీ ఒకలా ఉండవు. ఆడ జింకకు ఆ సౌకర్యం లేదు. పది లేడులు వరుసగా నిలబడితే ఏది ఏదో మనం చెప్పలేం. మగవాటిని మాత్రం కొమ్ములతో గుర్తుపట్టవచ్చు. అందుకని మగవాటి మీదుగా ఆడవాటి లెక్కకు వెళతారు.

ఒక ఊహా భూమి తీసుకుందాం. 800 ఎకరాలు, వంద ఎకరాలకు ఒకటి చొప్పున ఎనిమిది కెమెరాలు. ఒక్కోదాని ముందు వారం ముందునుంచే మొక్కజొన్న వేసి జింకలకు అలవాటు చేసి, ఆ తర్వాత రెండు వారాలు ఫోటోలు తీశారు. మగ జింకల ఫోటోలు 420. కూర్చుని కొమ్ములు పోల్చి చూస్తే వేర్వేరు జింకలు 21 తేలాయి. అంటే ఒక్కొక్కటి సగటున ఇరవై సార్లు దిగింది. లేడులు కూడా అలాగే వస్తాయనుకుందాం. లేడుల ఫోటోలు 900, ఇరవైతో భాగిస్తే 45. పిల్లలవి 360, అంటే 18. మొత్తం 84.

ఆ "అలాగే వస్తాయనుకుందాం" అన్న చోట ఆగండి. ఈ లెక్కలో బలహీనత అక్కడే ఉంది. పిల్లలు మొక్కజొన్న దగ్గరకు తల్లులంత తరచుగా రావు. రౌడీ మగ జింక ఒకటి కుప్ప దగ్గర కాపు కాస్తే మిగతావి దూరం జరుగుతాయి. కాబట్టి 84 అన్న అంకెను రాతిమీద చెక్కకండి. వచ్చే ఏడాది అవే చెట్లకు, అవే తేదీల్లో, అంతే మొక్కజొన్న వేసి మళ్లీ తీస్తే, 84 పెరిగిందా తరిగిందా అన్నది నమ్మదగిన మాట. 45 లేడులకు 18 పిల్లలేనా అన్న ప్రశ్న కూడా పనికొచ్చేదే. కరువు వల్లా, కోయోటీ నక్కల వల్లా అని అప్పుడు ఆరా తియ్యవచ్చు.

ఎర వెయ్యడం అన్నిచోట్లా కుదరదు. క్షీణింపజేసి చంపే జబ్బు ఒకటి 1967లో కొలరాడోలో మొదట కనిపించి, ఇప్పుడు చాలా రాష్ట్రాల జింకల్లో ఉంది. లాలాజలంతోనూ అంటుతుంది. మూతులన్నీ ఒకే కుప్పలో పెట్టించడం దానికి రాచబాట వెయ్యడమే. అందుకే చాలాచోట్ల ఎరను నిషేధించారు.

[తెరపై: కెమెరా ఫోటో. వైట్‌టెయిల్ జింకల మధ్య తెల్ల చుక్కల జింక.]

ఇదిగో, ఈ ఫోటోలో మనకు తెలిసిన చుట్టం ఒకటుంది. మచ్చల జింకే, తెలంగాణ రాష్ట్ర జంతువు. 1930ల్లో టెక్సస్‌కు తెచ్చి వదిలారు, ఇప్పుడు కొండ ప్రాంతమంతా స్వేచ్ఛగా తిరుగుతోంది. మన దేశంలో దాన్ని వేటాడితే జైలు. అక్కడ దానికి వేట సీజను అంటూ లేదు, ఏడాది పొడుగునా కొట్టవచ్చు. లెక్క వేసేటప్పుడు దీన్ని వైట్‌టెయిల్ లేడుల్లో కలిపేయకుండా చూసుకోవాలి. వైట్‌టెయిల్ పిల్లలకూ చుక్కలుంటాయి!

[దృశ్యం: ఫోనులో కెమెరా యాప్. వేలు ఒక మీట దగ్గర ఆగింది.]

యాప్‌లో ఈ మీట చూడండి. ఫోటోలు "వెంటనే" పంపాలా, "రోజుకు ఒకసారి" పంపాలా? లెక్క కోసమైతే రోజుకు ఒకసారి చాలు, బ్యాటరీ కూడా మిగులుతుంది. "వెంటనే" పెట్టుకుంటే జింక ఇప్పుడు ఏ చెట్టు కింద ఉందో ఫోను చెబుతుంది. తుపాకీ పట్టుకుని అటే నడిస్తే దాన్ని వేట అనాలా? అమెరికా వేటగాళ్లే దీని మీద రెండుగా చీలిపోయారు. పెద్ద కొమ్ముల రికార్డులు రాసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అలా కొట్టిన జింకను తన పుస్తకంలో చేర్చదు. నీటిగుంటలు తక్కువైన అరిజోనాలో ప్రతి గుంట చుట్టూ కెమెరాలు మూగడంతో, 2022 జనవరి 1 నుంచి వేటకు సాయంగా ట్రెయిల్ కెమెరా, అంటే ఇలా చెట్టుకు కట్టే కెమెరా, వాడటాన్నే ఆపేశారు. టెక్సస్‌లో అలాంటి నిషేధం లేదు. నా మట్టుకు నేను రోజుకు ఒకసారి అనే పెడతాను. పొద్దున కాఫీతో పాటు చూసుకుంటే సరిపోతుంది.

ఈ లెక్కకు కాలం కూడా ముఖ్యమే. ఆగస్టు చివరికి కొమ్ములు పూర్తిగా ఎదుగుతాయి, పిల్లలు తల్లుల వెంట తిరుగుతుంటాయి. జత కట్టే రోజులు మొదలైతే మగవి ఊళ్లు పట్టి తిరుగుతాయి, ఇక వాటి సంఖ్య నిలవదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింకకైతే కొమ్ములు జీవితాంతం ఉంటాయి. వైట్‌టెయిల్ కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి.

[తెరపై: జనవరి రాత్రి ఫోటో. మొదట్లో చూసిన మగ జింకే. కుడివైపు నాలుగు పాయల కొమ్ము ఉంది. ఎడమవైపు ఖాళీ.]

ఎడమ కొమ్ము పడిపోయింది, వంకర ముల్లు దానితోపాటే పోయింది. రెండోది కూడా రాలితే ఇతను ఎవరో కెమెరాకు తెలియదు. 21 పేర్లు రాసుకున్న కాగితం ఇక చించెయ్యవచ్చు. వచ్చే ఆగస్టులో మళ్లీ ఒకటి నుంచి మొదలు.