పేరు అద్దెకిచ్చే ముందు

హోస్ట్: నమస్కారం. టిఫిన్ సెంటర్ నాలుగు రోజులు కిటకిటలాడితే చాలు, చుట్టాలే వచ్చి ‘మా ఊళ్లోనూ మీ బోర్డు పెట్టుకుంటాం’ అంటారు. ఆ మాట వినగానే తలూపేవాళ్ల కోసమే ఈ ఎపిసోడ్. కాంట్రాక్టులు రాసే లాయర్ మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, మా చిన్నాన్న ఒక టీ బ్రాండ్ ఫ్రాంచైజీ, అంటే వాళ్ల పేరుతో షాపు నడుపుకునే హక్కు, తీసుకున్నాడు. గొడవొచ్చాక అగ్రిమెంట్ ఏదని అడిగితే బీరువాలో పెళ్లి కార్డుల కింద దొరికింది.

లాయర్: (నవ్వు) దొరికింది కదా, సంతోషం. కొందరి దగ్గర జిరాక్స్ కూడా ఉండదు.

హోస్ట్: అసలు ఫ్రాంచైజీకంటూ మనకో చట్టం ఉందా?

లాయర్: విడిగా లేదండి. అమెరికాలో సంతకానికి కనీసం 14 రోజుల ముందు కంపెనీ తన ఫీజులు, కోర్టు కేసులు అన్నీ రాసి చేతికివ్వాలి. ఇక్కడ అలాంటి రూలు లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం, ఇంకో నాలుగు కలుపుకుని నెట్టుకొస్తాం. కాబట్టి మనం రాసుకున్న కాగితం మీదే భారమంతా.

హోస్ట్: అయితే గట్టిగా రాయించుకోవాలి.

లాయర్: ఆ ‘గట్టిగా’తోనే నాకు పేచీ. బ్రాండ్ ఓనర్ వచ్చి, ‘మేడమ్, అన్నీ మావైపే ఉండాలి, మధ్యలో మానేస్తే పాతిక లక్షలు కట్టేలా రాయండి’ అంటారు. రాస్తాను, ఏం పోయింది? కానీ కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం ఆ పాతిక లక్షలు పైహద్దు మాత్రమే. కోర్టు ఇచ్చేది అంతకు మించకుండా, న్యాయమనిపించినంత. మిగిలిన నెలల రాయల్టీ, అంటే పేరు వాడుకున్నందుకు కట్టే డబ్బు, ఎంత, ట్రైనింగ్ ఖర్చెంత అని లెక్క కట్టి రాస్తే ఆ అంకె నిలబడే అవకాశం ఎక్కువ.

హోస్ట్: మానేశాక పక్క షట్టర్లోనే సొంత బోర్డు పెడితే?

లాయర్: అందరి భయమూ అదే. కాంట్రాక్టు నడుస్తున్నంత కాలం పోటీ వ్యాపారం చేయొద్దనొచ్చు, 1995లో కోకా కోలా, గుజరాత్ బాట్లింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది. కాంట్రాక్టు అయిపోయాక కూడా ఐదేళ్లు టిఫిన్ సెంటరే పెట్టొద్దంటే అదే చట్టంలోని సెక్షన్ 27 అడ్డొస్తుంది, ఆ షరతు చెల్లదు. అందుకని మనవి ఏవో అవి వెనక్కి తీసుకునేలా రాయాలి. బోర్డు ఎన్ని రోజుల్లో దింపాలి, గూగుల్ మ్యాప్స్‌లో పేరు, స్విగ్గీ, జొమాటో లాగిన్లు, ఆర్డర్లొచ్చే ఫోన్ నంబరు ఎవరివి? పచ్చళ్ల పాళ్లు బయటపెట్టనని విడిగా రాయించాలి. అన్నట్టు, ఒక క్లయింట్ ఆ పాళ్లు ఎవరికీ చెప్పడు, కారప్పొడి కలిపి సంచుల్లో పంపుతాడు. నా క్లాజుల కంటే ఆ సంచే గట్టిది!

హోస్ట్: తీసుకునేవాళ్లు ఏం చూడాలి?

లాయర్: ముందు ఆ పేరు ట్రేడ్ మార్క్‌గా రిజిస్టరైందా? అందులో హోటల్ సేవల విభాగం క్లాస్ 43. రిజిస్ట్రేషన్ పదేళ్లే, తర్వాత రెన్యూ చేయాలి. ఆ తర్వాత ఏరియా. ‘విజయవాడ’ అని ఒక్క మాట రాస్తే బెంజ్ సర్కిల్లో మీరుంటారు, పటమటలో ఇంకొకరొస్తారు. కిలోమీటర్లలో రాయండి. డెలివరీ కోసమే పెట్టే కిచెన్లు కూడా అందులోకొస్తాయని రాయండి.

హోస్ట్: షాపు అద్దె మాటేంటి?

లాయర్: అదే చాలామందిని ముంచేది. ఫ్రాంచైజీ ఐదేళ్లకు, అద్దె కాగితం 11 నెలలకు! రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనకాడి అలా రాసుకుంటారు. పన్నెండో నెలలో ఓనర్ ఖాళీ చేయమంటే ఇంటీరియర్ డబ్బు గోడకే పోతుంది. రెండు కాగితాల గడువూ కలవాలి. షాపు పోతే ఇంకోచోటికి మారే హక్కుండాలి.

హోస్ట్: చిన్నాన్న అగ్రిమెంట్లో ‘తగాదా వస్తే మా ఎండీ నియమించిన ఆర్బిట్రేటరే తేలుస్తారు’ అని ఉంది. అంటే కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తి.

లాయర్: అది పాత ఫార్మాట్. తగాదాలో ఒక పక్షమైన మనిషి తనంతట తానే ఏకైక ఆర్బిట్రేటర్ని పెట్టడం చెల్లదని 2019లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చూశారా, తమవైపు లాక్కుని రాసిందే తెగింది. ఇద్దరూ కలిసి ఎంచుకోవాలి, అంతే. ఆ కాగితం మొత్తం స్కాన్ చేసి పంపండి, చూస్తాను.

హోస్ట్: పంపుతాను. కానీ మూడో పేజీ లేదు మేడమ్.

లాయర్: మళ్లీ ఆ పెళ్లి కార్డుల్లోనే వెతకండి.