రబ్బరు కాసేపు పక్కన పెట్టండి: హైస్కూలు డ్రాయింగ్ క్లాసు మీద ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. హైస్కూలు పిల్లలకు బొమ్మలు నేర్పడం గురించి ఈరోజు మాట్లాడుకుందాం. చాలా ఏళ్లుగా డ్రాయింగ్ చెబుతున్న మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, మీరు కుర్చీలో సర్దుకునేలోపే కాల్ వచ్చేసింది. హలో, చెప్పండి.

మొదటి కాలర్: నమస్కారమండీ. నేనూ డ్రాయింగ్ టీచర్నే, ఈ ఏడాదే చేరాను. చిన్న క్లాసులవాళ్లతో ఇబ్బంది లేదు, కాగితం ఇస్తే చాలు, మొదలుపెట్టేస్తారు. ఎనిమిది, తొమ్మిది తరగతులకి వచ్చేసరికి ఏమవుతుందో తెలీదు. సగంమంది ‘నాకు డ్రాయింగ్ రాదు మేడమ్’ అని పుస్తకం మూసేస్తున్నారు. ఎలా కదిలించాలో అర్థం కావట్లేదు.

మాస్టారు: ఆ మాట నేను విననిరోజు లేదమ్మా. చూడండి, 6 ఏళ్ల పిల్లాడు నాలుగు గీతలు గీసి ఏనుగంటే వాడికది ఏనుగే. 14 ఏళ్లొచ్చేసరికి చూపు ముదురుతుంది. తాను గీసింది ఏనుగులా లేదని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. చెయ్యి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది, ఈ మధ్యకాలంలో దానికి ఎవరూ పని చెప్పలేదు కదా. కన్ను ముందు వెళ్లిపోయింది, చెయ్యి వెనకబడింది. అంతే జరిగింది. ‘రాదు’ అన్నవాడు కనిపిస్తే నాకు ఆశ పుడుతుంది. వాడికి తేడా కనిపిస్తోందన్నమాట. ఏం గీసినా ‘అయిపోయింది సార్’ అని తెచ్చిచ్చేవాడితోనే నాకు కష్టం.

మొదటి కాలర్: మరి రేపు క్లాసులో ఏం చేయమంటారు?

మాస్టారు: ఎడమచెయ్యి బల్లమీద పెట్టమనండి, వేళ్లు కాస్త ముడిచి. కాగితం వైపు అస్సలు చూడకూడదు, అదొక్కటే షరతు. చూపుడువేలి గోరు దగ్గర చూపు ఆనించి, అంచు వెంబడి చీమ పాకినంత నిదానంగా కదలాలి. పెన్సిలూ అదే వేగంతో కదలాలి. 5 నిమిషాలు చాలు. దొంగచూపులు చూస్తారు, చూడనివ్వండి. లేదా కాగితం మీద ఇంకో పుస్తకం అడ్డం పెట్టండి.

వ్యాఖ్యాత: చూడకుండా గీస్తే బొమ్మ ఏమొస్తుంది మాస్టారూ?

మాస్టారు: ఏమీ రాదు! (నవ్వుతూ) ఒకడికి ఆరు వేళ్లుంటాయి, ఒకమ్మాయికి బొటనవేలు మణికట్టులోంచి మొలుస్తుంది. క్లాసంతా నవ్వుతుంది. నవ్వనివ్వాలి. అందరిదీ చెడిందంటే ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. ఆ గోల తగ్గాక ఏదో ఒక కాగితం ఎత్తి, వేలి కణుపు దగ్గర చూపించండి. అక్కడ ముడతలు పడి ఉంటాయి, ఒకటి పొడుగు, రెండు పొట్టి. నిన్నటిదాకా వేళ్లంటే గొట్టాలు గీసిన పిల్ల ఈరోజు కణుపు ముడత గీసింది. ఎందుకంటే మొదటిసారి చూసింది కాబట్టి. బొమ్మలో మిగతాదంతా పాడైపోయినా ఆ ముడత దగ్గర సున్నా చుట్టి తేదీ వేయించండి.

మొదటి కాలర్: ముఖాలు గీయమంటే మాత్రం ఎప్పుడూ ఒకే తప్పండీ. నుదురే ఉండదు.

మాస్టారు: కళ్లు పైకెక్కించేస్తారు. నెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు దాదాపు సరిగ్గా సగంలో ఉంటాయి. ఇది మీరు చెబితే నమ్మరు. పక్కవాడి ముఖం ఎదురుగా పెన్సిల్ పట్టుకుని, చెయ్యి చాచి, ఒక కన్ను మూసి కొలవమనండి. ‘అవును మేడమ్!’ అని అరుస్తారు. ఆ అరుపు వాళ్లదే అయి ఉండాలి. అందుకే బోర్డు మీద ముందుగానే సగం గీత గీసిపెట్టొద్దు. టైమ్ చాలకపోతే ఒకరిని ముందు నిలబెట్టి 30 సెకన్లకో భంగిమ మార్పించండి. పది బొమ్మలు పాడైపోవాలి. పదకొండోది వాళ్లే దాచుకుంటారు.

వ్యాఖ్యాత: ఒక మెసేజ్ వచ్చింది. ‘పిల్లలు నీడంటే నలుపే పూస్తున్నారు, ఎలా మాన్పించాలి?’ అని.

మాస్టారు: అట్టముక్కకి చిన్న చిల్లు పెట్టి, అందులోంచి నీడని చూడమనండి. చుట్టూ ఉన్నవి కనిపించకపోతే నీడ అసలు రంగు బయటపడుతుంది. నీలమో, ఊదానో, నేల రంగో కలిసి ఉంటుంది. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1890, 91లలో గడ్డిమేట్లను 25 దాకా చిత్రాలుగా వేశాడు, ఉదయం, సాయంత్రం, మంచులో. వాటిలో నాలుగు పక్కపక్కన పెట్టి చూపించండి, నీడలు ఎన్ని రంగుల్లో ఉన్నాయో వాళ్లే లెక్కపెడతారు. కావాలంటే ఒక నెల నల్లరంగు సీసా మీ బీరువాలో పెట్టి తాళం వేయండి.

వ్యాఖ్యాత: రెండో కాల్ తీసుకుందాం. హలో.

రెండో కాలర్: నమస్తే సార్. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఎప్పుడు చూసినా ఫోన్లో ఆ జపాన్ కార్టూన్లు చూస్తూ అవే దించుతుంటాడు. పెద్దపెద్ద కళ్లు, నిక్కబొడుచుకున్న జుట్టు. సొంతంగా ఒక్కటీ గీయడు. అది కళ అవుతుందా సార్?

మాస్టారు: రోజుకి ఎంతసేపు గీస్తాడు?

రెండో కాలర్: రెండు గంటలు పైనే. చదువు మాటేమోగానీ...

మాస్టారు: మా క్లాసులో వారమంతా కలిపినా రెండు గంటలు గీసేవాళ్లు లేరండీ! మాన్పించకండి. మాన్పిస్తే నోటుబుక్కు వెనక పేజీల్లో గీస్తాడు, మీకు కనిపించదు, అంతే తేడా. దించడం తప్పు కాదు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1889, 90లలో ఆస్పత్రిలో ఉండగా, తనకంటే ముందుతరం చిత్రకారుడు మిల్లే చిత్రాలను చూసి 20 దాకా వేశాడు. చూసింది నలుపు తెలుపు అచ్చుల్ని, వేసింది తన రంగుల్లో. ఇంకొకరు రాసిన సంగీతాన్ని వాయించడంలాంటిదే అనుకున్నాడు.

రెండో కాలర్: అంటే వదిలేయమంటారా?

మాస్టారు: లేదు. చిక్కెక్కడుందంటే, ఆ కార్టూన్ గీసినవాడు నిజం ముఖాల్ని వందలసార్లు చూసి, అందులోంచి ముక్కుకి ఒక్క గీత ఉంచాడు. మీవాడికి ఆ ఒక్క గీతే తెలుసు, దాని వెనక ముక్కు తెలీదు. అందుకని ఇలా అడగండి: ‘ఒరేయ్, నీ హీరో నాలా కుర్చీలో కూలబడితే ఎలా ఉంటాడు?’ అని. మీరే కదలకుండా కూర్చోండి, పావుగంట. ఫోన్లో ఆ బొమ్మ దొరకదు. మిమ్మల్ని చూడక తప్పదు.

రెండో కాలర్: (నవ్వి) అలాగే. గీసి చూపిస్తే బాగుందని మెచ్చుకోవాలి కదా?

మాస్టారు: నన్నడిగితే ఆ మాట తగ్గించండి. ‘బాగుంది’ అనగానే ఇంక మాట్లాడేందుకేమీ ఉండదు. మీకేం కనిపించిందో చెప్పండి. ‘భుజం దగ్గర అంత గట్టిగా నొక్కావేం?’ అనండి. ‘బరువు ఉంది కదా నాన్నా’ అంటాడేమో. అలా అన్నాడంటే వాడు బొమ్మ గురించి ఆలోచించినట్టే. మార్కుల విషయం ఇప్పుడే ఎత్తకండి, దానికి మీ ఆవిడ ఉన్నారుగా... ఏదో సరదాకన్నాను, ఏమనుకోవద్దు.

వ్యాఖ్యాత: చివరి కాల్. చిన్నగొంతులా ఉంది. చెప్పమ్మా.

మూడో కాలర్: సార్, నేను పదో తరగతి. నాకు బొమ్మలంటే ఇష్టమే. కానీ ఏది మొదలుపెట్టినా చెరుపుతూనే ఉంటాను. కాగితం నూగు లేచిపోతుంది. ఒకసారి సార్ వచ్చి నా బొమ్మ మీదే పెన్నుతో సరిచేశారు. బాగానే అయింది. కానీ ఆ తర్వాత క్లాసులో గీయబుద్ధి కావట్లేదు.

మాస్టారు: (కాసేపు ఆగి) ఆ పని నేనూ చేశానమ్మా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకమ్మాయి బొమ్మలో ముక్కు సరిచేశాను. నిజంగా బాగా కుదిరింది. పీరియడ్ అయ్యాక ఆ కాగితం తెచ్చి నా బల్లమీద పెట్టి, ‘ఇది మీది సార్’ అని వెళ్లిపోయింది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. అప్పట్నుంచి పిల్లల కాగితం మీద నా పెన్సిల్ ఆనించను. చూపించాల్సివస్తే పక్కన చిత్తుకాగితం మీద గీసి, అది నలిపి జేబులో పెట్టుకుంటాను. టీచర్లెవరైనా వింటుంటే దయచేసి ఇదొక్కటి పాటించండి.

మూడో కాలర్: చెరపడం ఎలా మానాలి సార్?

మాస్టారు: పెన్నుతో గియ్యి. తప్పు గీత పడితే ఉండనీ, దాని పక్కనే ఇంకోటి గియ్యి. రెండు గీతలుంటే ఏది సరైందో పోల్చుకోవచ్చు, చెరిపేస్తే ఇంక దేంతో పోలుస్తావు? రవీంద్రనాథ్ టాగోర్ రాతప్రతులు ఎప్పుడైనా చూడు. కొట్టేసిన మాటల్ని ఒకదానితో ఒకటి కలుపుతూపోతే పక్షులూ వింత జంతువులూ తయారయ్యాయి. అలా మొదలై బొమ్మల్లోకి దిగాడాయన. 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన పెట్టేసరికి 70కి దగ్గరపడ్డాడు. నీకింకా బోలెడు టైముంది.

మూడో కాలర్: అయితే ఈరాత్రి ఏం గీయమంటారు?

మాస్టారు: ఇందాక చెప్పిందే. నీ ఎడమచెయ్యి, కాగితం చూడకుండా.

మూడో కాలర్: నాది ఎడమచేతివాటం సార్.

మాస్టారు: అయితే కుడిచెయ్యి గియ్యి తల్లీ. రబ్బరు మాత్రం మీ అమ్మకిచ్చెయ్.