జ్వరం రాగానే సూది కావాలా? – ఫ్లూపై చర్చ

యాంకర్: వానలు మొదలయ్యాయి, ఇంటికొకరు మంచం పడుతున్నారు. డాక్టర్ సూది వేయలేదని అలిగి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. పీహెచ్‌సీ వైద్యాధికారి, పిల్లల డాక్టర్, ఏఎన్ఎం మనతో ఉన్నారు. డాక్టర్ గారూ, ఫ్లూకి సూది ఎందుకు వేయరు?

వైద్యాధికారి: ఫ్లూ వైరస్ వల్ల వస్తుందండీ. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే రకం ఫ్లూ జ్వరాలు పెరిగినప్పుడు, ఊరికే అజిత్రోమైసిన్, అమాక్సిక్లావ్ లాంటి యాంటీబయాటిక్‌లు రాయొద్దని ఇండియన్ మెడికల్ అసోసియేషనే చెప్పింది. జ్వరం సాధారణంగా మూడు రోజుల్లో తగ్గుతుంది, దగ్గు మాత్రం మూడు వారాల దాకా ఉండొచ్చు. ఆ దగ్గు చూసే జనం కంగారుపడి మందులు మారుస్తారు.

ఏఎన్ఎం: మా ఊళ్లో అంతదాకా కూడా ఆగరు సార్. పొద్దున జ్వరం వస్తే సాయంత్రానికి ఆర్ఎంపీ దగ్గర రెండు సూదులు, ఒక సెలైన్. తెల్లారితే పనికి పోవాలి, లేకపోతే కూలి పోతుంది. వాళ్లను తప్పుపట్టలేను.

వైద్యాధికారి: నేనూ పట్టను. కానీ అందులో స్టెరాయిడ్ ఉంటే జ్వరం తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల ఒంటికి వైరస్‌తో పోరాడే శక్తి తగ్గుతుంది. షుగర్ పేషెంట్లకైతే షుగర్ అమాంతం పెరుగుతుంది.

యాంకర్: మరి ఫ్లూకి మందే లేదా?

వైద్యాధికారి: ఉంది, ఒసెల్టామివిర్. పెద్దవాళ్లకు 75 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికి సాధారణంగా అక్కర్లేదు. పారాసెటమాల్, నీళ్లు, విశ్రాంతి చాలు. గర్భిణులు, వృద్ధులు, చిన్నపిల్లలు, షుగర్, ఆస్తమా, గుండె జబ్బులున్నవాళ్ల సంగతి వేరు. ఫ్లూ అని అనుమానం వస్తే వాళ్లకు రిపోర్టు కోసం ఆగకుండా మొదలుపెట్టాలి. నా బాధంతా ఇక్కడే. అక్కర్లేనివాళ్లకు సూదులు పడుతున్నాయి, అవసరమున్న గర్భిణి నాలుగో రోజున ఆయాసంతో వస్తోంది.

ఏఎన్ఎం: అందుకే ఇళ్లకు వెళ్లినప్పుడు ముందే చెప్తున్నా సార్. జ్వరంతో పాటు దగ్గు, గొంతునొప్పి ఉంటే ఆ రోజే నాకు ఫోన్ చేయండి, ఆయాసం వస్తే నేరుగా 108కి చేయండి అని.

పిల్లల డాక్టర్: పిల్లలకు జ్వరమొస్తే ఆస్పిరిన్ ఇవ్వొద్దమ్మా. అరుదుగానే అయినా, మెదడు, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. వానాకాలంలో డెంగీ కూడా ఉంటుంది, అప్పుడు రక్తస్రావం ముప్పు పెంచుతాయి కాబట్టి సొంతంగా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు కూడా వద్దు. బిడ్డ డొక్కలెగరేస్తున్నా, పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా ఒక్క గంట కూడా ఆగకండి.

యాంకర్: టీకా ఎవరికి వేయించాలి?

పిల్లల డాక్టర్: ఆరు నెలలు నిండితే వేయించవచ్చు. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించాలి. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, అందుకే వానలకు ముందే వేయిస్తే మంచిది. అయితే ఇది ప్రభుత్వం ఉచితంగా వేసే సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు, ఎక్కువమంది కొనుక్కోవాల్సిందే.

వైద్యాధికారి: అది మారాలి. కనీసం గర్భిణులకైనా పీహెచ్‌సీలో ఉచితంగా వేయాలి. ఆర్నెల్లలోపు బిడ్డకు ఈ టీకా వేయరు, తల్లికి వేస్తే ఆ రక్షణ బిడ్డకూ అందుతుంది.

యాంకర్: గర్భిణులకు ఎన్నో నెలలో వేయాలి?

వైద్యాధికారి: ఏ నెలలోనైనా వేయొచ్చు.

ఏఎన్ఎం: ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసే టీడీ ఇంజెక్షన్‌కి వచ్చిన రోజే ఇదీ వేసేస్తే వాళ్లు మళ్లీ రానక్కర్లేదు సార్. స్టాక్ పంపించండి చాలు, నేను వేస్తాను.