మూలనున్న బండి, దాని బ్యాటరీ

శ్రోతలకు నమస్కారం.

వేసవి సెలవులకు ఊరెళ్ళి నెలన్నరకు తిరిగొచ్చినవాళ్ళు, కొడుకు దుబాయ్ వెళ్తే అతని బండికి కవరు కప్పి వసారాలో పెట్టుకున్న తల్లిదండ్రులు, కాలికి కట్టు పడి రెండు నెలలు గడప దాటనివాళ్ళు... వీళ్ళందరికీ ఒకరోజు ఒకటే అనుభవం. తాళం తిప్పి సెల్ఫ్ నొక్కుతారు. లోపల్నుంచి టిక్కు టిక్కుమని రిలే చప్పుడు, అంతే. ఇంజను మాత్రం ఉలకదు, పలకదు. 2020 లాక్‌డౌన్ సడలించాక ఎన్ని బళ్ళకు ఈ గతి పట్టిందో మీకు గుర్తుండే ఉంటుంది.

వెనకటి బళ్ళకైతే ఇదంత చిక్కు కాదు. కిక్ కొట్టేవాళ్ళం. కాదంటే ఇద్దరు నెడితే సెకండ్ గేర్లో వేసి క్లచ్ వదిలేవాళ్ళం. సరిగ్గా ఆ 2020లోనే, ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలొచ్చాయి, అంటే బండి పొగలో కాలుష్యం తగ్గించే నియమాలు. కొత్త బళ్ళలో చాలావాటికి కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలును పంపు తోయాలి, ఎంత చిమ్మాలో ఈసీయూ, అంటే బండిలోని చిన్న కంప్యూటరు, లెక్క కట్టాలి. రెండింటికీ కరెంటు కావాలి. పైగా చాలా మోడళ్ళకు కిక్ రాడ్డే లేదు. బ్యాటరీ పూర్తిగా పడిపోతే అలాంటి బండిని వీధి చివరిదాకా నెట్టినా చెమట పట్టడమే మిగులుతుంది.

మరి వాడని బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది? కారణాలు రెండు. మొదటిది దాని స్వభావం. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏ వైరూ తగిలించకుండా ఊరికే ఉంచినా కొద్దికొద్దిగా చార్జింగ్ కోల్పోతుంది. ఎండ పెరిగేకొద్దీ ఆ వేగం పెరుగుతుంది. సుమారుగా పది డిగ్రీల వేడికి రెట్టింపు అంటారు. మన మే నెలలో రేకుల షెడ్డు కింద పెట్టిన బండి సంగతి ఇక చెప్పేదేముంది!

రెండోది, తాళం తీసేశాక కూడా పనిచేసే వస్తువులు. డిజిటల్ మీటర్లో గడియారం, దొంగల భయంతో పెట్టించిన అలారం, జీపీఎస్ ట్రాకర్. ఇవన్నీ కలిసి 5 మిల్లీ యాంపియర్లు లాగుతున్నాయనుకుందాం. వినడానికి ఎంత చిన్న అంకె! కానీ రోజుకు 24 గంటలు, నెలకు 30 రోజులు లెక్కేయండి. 3.6 యాంపియర్ అవర్లవుతుంది. ఒక యాంపియర్ కరెంటు గంటసేపు లాగితే ఒక యాంపియర్ అవర్; మిల్లీ అంటే అందులో వెయ్యో వంతు. మన 100, 110 సీసీ బళ్ళ బ్యాటరీ మొత్తం సామర్థ్యమే మూడు నుంచి ఐదు యాంపియర్ అవర్లు. నెలలో ఖాళీ కాక ఏమవుతుంది?

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. వారానికోసారి బండి స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు స్టాండు మీదే ఉంచి, ఆపేస్తారు. ఊరెళ్తూ పక్కింటాయనకు తాళం ఇచ్చి మరీ చేయిస్తారు. దీనివల్ల ఒరిగేది చాలా తక్కువండీ. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు పుట్టే కరెంటే కొంచెం. 2017 నుంచి కొత్త బళ్ళకు హెడ్‌లైటు ఆపే స్విచ్చే లేదు కదా, దాని వాటా దానికి పోవాలి. పంపు వాటా పంపుకు పోవాలి. ఇవన్నీ పోగా బ్యాటరీకి అర యాంపియర్ చేరిందనుకున్నా, రెండు యాంపియర్ అవర్లు తగ్గిన బ్యాటరీ కోలుకోవాలంటే నాలుగు గంటలు పైనే పడుతుంది. ఐదు నిమిషాలెక్కడ, నాలుగు గంటలెక్కడ! పైపెచ్చు సరిగ్గా వేడెక్కని ఇంజనులో, సైలెన్సర్లో తేమ మిగిలిపోతుంది. ఆ పక్కింటాయన నమ్మకస్తుడైతే బండిని అరగంట రోడ్డు మీద తిప్పి రమ్మనండి, అది వేరే సంగతి.

అంతకంటే తేలికైన పని, వైరు విప్పేయడం. సీటు కిందో సైడ్ ప్యానెల్ వెనకో బ్యాటరీ ఉంటుంది. ఇంజను ఆపి, తాళం తీసేసి, ముందు నల్ల వైరు, అంటే నెగటివ్, విప్పండి. ఎర్రది ముందు విప్పబోతే స్పానర్ పొరపాటున ఛాసిస్‌కు తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బోల్టు వదులవుతుండగా టెర్మినల్ లోపలున్న చిన్న నట్టు జారి కిందపడుతుంది, చూసుకోండి. విప్పిన వైరు కొసకు టేపు చుట్టి పక్కకు వంచండి. బిగించేటప్పుడు ఎర్రది ముందు, నల్లది చివర. గడియారం మళ్ళీ సరిచేసుకోవాలి, అంతే.

నెలో రెండు నెలలో అయితే అది చాలు. అంతకు మించితే బ్యాటరీని పూర్తిగా బయటకు తీసి, ఇంట్లో చల్లటి చోట పెట్టి, నెలకో రెండు నెలలకో ఒకసారి చార్జింగ్ పెట్టాలి. సామర్థ్యంలో పదో వంతు కరెంటు ఇవ్వాలన్నది పాత లెక్క. అంటే 4 యాంపియర్ అవర్ బ్యాటరీకి 0.4 యాంపియర్. కారు చార్జరు తెచ్చి తగిలిస్తే ఈ చిన్న బ్యాటరీ వేడెక్కి పాడవుతుంది. బైకుల కోసం, నిండగానే తనంతట తానే తగ్గించుకునే చార్జర్లు దొరుకుతున్నాయి. షాపులో పెట్టిస్తే మాత్రం ‘స్లో చార్జింగ్ పెట్టు బాబూ’ అని గట్టిగా చెప్పండి. ఇంట్లో పెట్టుకుంటే కిటికీ తెరిచి ఉంచండి, పొయ్యికీ దీపానికీ దూరంగా. చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వెలువడవచ్చు. నీళ్ళు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. సీలు చేసినదాన్ని తెరవకూడదు. లిథియం బ్యాటరీ ఉంటే దాని చార్జరు దానిదే.

వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒకటుంటే సగం సందేహాలు తీరతాయి. చార్జింగ్ తీసి కొన్ని గంటలాగి చూస్తే 12.6 వోల్టులు, ఆపైన ఉండాలి. 12.4కు దిగితే మళ్ళీ పెట్టే వేళయింది. 12 కంటే తక్కువలో వారాల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, అప్పుడిక ఎంత చార్జింగ్ పెట్టినా నిలవదు. రాత్రంతా పెట్టినా తెల్లారి 12.8 చూపించి సాయంత్రానికి 12కు జారిందంటే కొత్తది కొనుక్కోవాల్సిందే. పాతది షాపులోనే ఇచ్చేయండి, కొత్తదాని ధరలో ఎంతో కొంత తగ్గిస్తారు. లోపల సీసం, యాసిడ్ ఉంటాయి, చెత్తబండిలో మాత్రం వెయ్యకండి.

సెలవు.