చెవి దిబ్బడ వేసిందా, నరం దెబ్బతిందా?

(దృశ్యం: నిద్ర లేచిన వ్యక్తి ఫోన్‌ను కుడి చెవి దగ్గర పెట్టుకుని, మాట వినబడక ఎడమ చెవికి మార్చుకుంటాడు.)

రాత్రి వరకు బాగానే వినబడిన చెవి తెల్లవారేసరికి దిబ్బడ వేస్తే, జలుబనో గులిమి అనో అనుకుని, చుక్కల మందు వేసుకుని నాలుగు రోజులు చూడటం మన ఇళ్లలో మామూలే. చాలాసార్లు ఆ ఊహ నిజమే అవుతుంది. అయితే లోపలి చెవిలో శబ్దాన్ని నరానికి అందించే కోక్లియా గానీ, వినికిడి నరం గానీ హఠాత్తుగా దెబ్బతిన్నప్పుడు కూడా రోగి చెప్పే మాట అదే: "చెవి మూసుకుపోయినట్టుందండీ." చెవి రంధ్రంలోకి చూసే పరికరం ఓటోస్కోప్‌తో చూస్తే కర్ణభేరి చక్కగా ఉంటుంది. గులిమి కనబడితే ఇంకా చిక్కు, ఎందుకంటే దాన్ని తీసేశాక వినికిడి తిరిగి వచ్చిందో లేదో పరీక్షించకుండానే రోగిని పంపేసే ప్రమాదం ఉంది.

(దృశ్యం: వైద్యురాలు 512 హెర్ట్జ్ శృతిదండాన్ని (తట్టగానే కంపించి మోగే రెండు కొమ్మల లోహపు కడ్డీ) మోచేతికి తట్టి, దాని కాడను రోగి నుదుటి మధ్య ఆనిస్తారు.)

"ఏ వైపు వినబడుతోంది?" ఇది వెబర్ పరీక్ష. మీరూ ఒక చెవిని వేలితో మూసుకుని, నోరు తెరవకుండా "మ్..." అనండి, శబ్దం మూసిన చెవిలోనే మోగుతుంది. అడ్డంకి ఉన్న చెవిలో జరిగేదీ ఇదే. నరం దెబ్బతింటే మాత్రం శబ్దం బాగున్న చెవి వైపు వెళుతుంది.

1855లో జర్మన్ వైద్యుడు రిన్నే వివరించిన రెండో పరీక్షలో దండాన్ని చెవి వెనుక ఎముకపై ఆనించి, ఆపై చెవి ముందు పట్టుకుని, ఎక్కడ గట్టిగా వినబడిందో అడుగుతారు. ఎముక మీద ఎక్కువ వినబడితే అడ్డంకి ఉన్నట్టు. ఇక్కడే అనుభవజ్ఞులు సైతం పొరబడే చోటు ఉంది: చెవి పూర్తిగా పనిచేయనప్పుడు, ఎముకపై ఆనించిన శబ్దం పుర్రె గుండా అవతలి మంచి చెవికి చేరుతుంది, రోగి నిజాయితీగానే "ఎముక మీదే వినబడింది" అంటాడు. నరం జబ్బు అడ్డంకిలా కనిపిస్తుంది. అందుకే రెండు పరీక్షలనూ కలిపి చదవాలి.

ఆపై ఆడియోగ్రామ్, అంటే ఒక్కో పౌనఃపున్యం (స్వరం హెచ్చుతగ్గు) దగ్గర ఎంత మెల్లని శబ్దం వినబడుతుందో కొలిచే పరీక్ష. 3 రోజుల్లోపు, వరుసగా 3 పౌనఃపున్యాల్లో కనీసం 30 డెసిబెల్స్ తగ్గితే దాన్ని హఠాత్ వినికిడి లోపంగా లెక్కిస్తారు. స్టెరాయిడ్లు వాడాలనుకుంటే మొదటి 2 వారాల్లోనే మొదలుపెట్టాలి. చుక్కల మందుతో గడిచే రోజులు ఆ గడువులోనివే.

చాలామందిలో కారణం తేలదు. అయినా నరంపై గడ్డ ఉందేమోనని ఎంఆర్ఐ తీయిస్తారు, కోలుకున్నవారికి కూడా, ఎందుకంటే అలాంటి గడ్డ ఉన్నవారిలోనూ వినికిడి ఒక్కోసారి తిరిగి వస్తుంది.